చిన్న కెమెరాయు, లెన్సు స్ఫుటత్వమును

ఛాయాచిత్రకళ నభ్యసించు బాలబాలికలు క్రొత్తగా నొక కెమెరా చేతికి వచ్చినప్పుడు మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటే: “దీని లెన్సు స్ఫుటమైనదేనా?” ఈ ప్రశ్న యనుచితమని నేననను. కాని మొదటి ప్రశ్నయే కడపటి ప్రశ్నయు నగుచుండుట చూడగా విచారము కలుగుచున్నది. గత సంవత్సరము దసరా సెలవులకు ముందు ఒక పూర్వవిద్యార్థి తాను చిరకాలము వాడుకొనిన ఒలింపస్ 35 ఆర్‌సీ యను చిన్న కెమెరాను మన పాఠశాల ఛాయాచిత్ర సంఘమునకు కానుకగా నొసంగెను. దానితో తీసిన తొలి ఫిల్ములోని 36 చిత్రములలో సగమునకు పైగా గోడకంటించిన ఒక వార్తాపత్రిక చిత్రములే! రంధ్రమును మార్చి మార్చి, దూరమును మార్చి మార్చి, ఆ పత్రికనే తీసిరి. పిదప వానిని కంప్యూటరు తెరపై పెద్దవిగా చేసి చూచి, మూలలయందలి అక్షరములు కొంచెము మసకగా నున్నవని తేల్చిరి. కావున దీనిని విక్రయించి, వచ్చిన సొమ్ముతో మఱియొక సాధనమును కొనవలెనని కొందఱు ప్రతిపాదించిరి. ఆ ప్రతిపాదన యింకను సంఘము ముందున్నది. నేను దానికి విరోధిని. ఎందులకో ఈ పుటలలో విన్నవించుకొందును.

ఈ జాతి కెమెరా నెఱుగని చదువరులకొఱకు ముందుగా కొంత చెప్పవలసియున్నది. జర్మనీ దేశమున వెట్స్‌లార్ పట్టణమందు సూక్ష్మదర్శినులు చేయు లైట్స్ సంస్థలో ఆస్కార్ బర్నాక్ అను యంత్రనిపుణు డుండెను. ఆయన ఉబ్బసరోగి. ఆ నాటి పెద్ద కెమెరాను, గాజుపలకలను, స్టాండును మోసికొని తిరుగుట ఆయనకు ప్రాణసంకటముగా నుండెను. చలనచిత్రములకు వాడు 35 మిల్లీమీటర్ల ఫిల్మును అడ్డముగా నడపి, సినిమా చట్రమునకు రెట్టింపు పరిమాణమున, అనగా 24 × 36 మిల్లీమీటర్ల చిత్రము పడునట్లు 1914 నాటికే ఆయన యొక చిన్న యంత్రమును సిద్ధపఱచెను. అదియే 1925 లో లైప్‌జిగ్ సంతయందు లైకా యను పేర లోకమునకు వెల్లడియయ్యెను. 1932 లో లైకా రెండవ నమూనాయందును, ఆ యేడే వచ్చిన జైస్ ఐకన్ వారి కాంటాక్స్ నందును దూరమాపకము లెన్సుతో జోడింపబడెను. ఇవి సామాన్యులకు దొరకు వెలకు రాలేదు. సామాన్యుల చేతి కందినవి జపానువారు చేసిన కెమెరాలు: 1966 నాటి యాషికా ఎలెక్ట్రో 35, 1970 నాటి మన ఒలింపస్ 35 ఆర్‌సీ, 1972 నాటి కానోనెట్ క్యూఎల్ 17 జీ-3, 1979 నాటి ఒలింపస్ ఎక్స్‌ఏ మొదలైనవి. వీనిలో లెన్సు మార్చుటకు వీలులేదు. మనదానిని తూచినచో సుమారు 400 గ్రాములుండును. 1962 ఫిబ్రవరి 20 వ తేదీన భూమిని చుట్టివచ్చిన జాన్ గ్లెన్ తనతో కొనిపోయిన యాన్‌స్కో కెమెరా కూడ మినోల్టా వారు చేసిన యిట్టి దుకాణపు సరకే యని విన్నచో మన విద్యార్థులకు దీనియెడ కొంత గౌరవము కలుగునేమో!

రేంజిఫైండరనగా దూరమాపకము. కెమెరా ముఖమున రెండు చిన్న కిటికీలుండును. ఒకదానిగుండ మనము ఎదుటి దృశ్యమును నేరుగా చూతుము. రెండవదానినుండి వచ్చిన కాంతిని లోపలి అద్దము మలుపగా, పలుచని పూత గల మఱియొక అద్దము దానిని మొదటి దృశ్యముమీద నుంచును. అందువలన నడుమనున్న చిన్న పసుపుపచ్చని మచ్చలో ఎదుటి వస్తువు రెండుగా కనుపించును. లెన్సు చుట్టునున్న కట్టును త్రిప్పుచుండగా ఆ రెండు బొమ్మలును ఒకదానికొకటి చేరువయై తుదకొక్కటి యగును. అంతట ఫోకసు కుదిరినదని యర్థము. పదవ తరగతిలో త్రికోణమితి చదువువారికి ఇందలి మర్మము విప్పి చెప్పనక్కఱలేదు. రెండు కిటికీల నడిమి దూరము త్రిభుజమునకు భూమి. ఎదుటి వస్తువు దాని శీర్షము. భూమి యెంత పొడవైన కొలత యంత నిక్కముగా నుండును. చిన్న కెమెరాలో భూమి కొలది సెంటీమీటర్లే. అందుచేతనే వీనికి దూరపు వస్తువులను దగ్గఱకు తెచ్చు పెద్ద లెన్సులు తగిలింపరు. 42 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల లెన్సునకు ఈ కొలది భూమియే చాలును.

ఈ పద్ధతియందలి సుగుణము మసకవెలుతురున తెలియవచ్చును. ఒక బొమ్మ కొంచెము మసకగా నున్నదా, పూర్తిగా తేటపడినదా యని నిర్ణయించుట కంటికి కష్టము. రెండు గీతలు కలిసినవా, విడిగా నున్నవా యని చెప్పుట సులభము. సాయంకాలపు వరండాలో, దీపముక్రింద చదువుకొనుచున్న బాలుని కనుబొమ్మపైని గాని, కంటియద్దముల చట్రముపైని గాని ఆ పసుపుపచ్చని మచ్చ నుంచి చూడుడు; క్షణములో కుదురును. ఇక షట్టరు లెన్సులోనే యమరియుండుటచేతను, ఎగిరిపడు అద్దము లేకుండుటచేతను, చిత్రము తీసినప్పుడు వినబడునది గడియారపు టిక్కుమను పాటి చప్పుడే. దోషములు కూడ చెప్పవలెను గదా! చూపు వేఱు కిటికీనుండి, చిత్రము వేఱు లెన్సునుండి యగుటచే, మిక్కిలి దగ్గఱి వస్తువులయెడ మనము చూచినదానికిని ఫిల్ముపై పడినదానికిని కొంత తేడా వచ్చును. మన కెమెరా 90 సెంటీమీటర్లకు లోపల ఫోకసు కుదురనే కుదురదు. లెన్సుకు మూత తీయకయే ఫిల్మంతయు నడిపినవారు లోకమున పెక్కుమంది కలరు. చూపుకిటికీలో లోకమంతయు చక్కగా కనుపించుచునే యుండును! ఒలింపస్ ఎక్స్‌ఏ ను కల్పించిన యోషిహిసా మైతాని ఈ యిబ్బందిని మాన్పుటకే కాబోలు, మూతను కెమెరాలోనే భాగముగా చేసి, అది జరుపనిదే షట్టరు కదలకుండునట్లు చేసెను.

ఇక స్ఫుటత్వము సంగతి. వెలుపలి బిందు వొక్కటినుండి వచ్చిన కిరణములన్నియు ఫిల్ముమీద మఱల నొక్క బిందువునందే కూడవలెను. ఒంటి గాజుబిళ్లకు ఇది యలవి కాదు. అంచులగుండ పోవు కిరణములు నడిమి కిరణములకంటె ముందుగా కూడును; నీలికిరణము లొకచోటను ఎఱ్ఱకిరణములు మఱియొకచోటను కూడును. కావున వేఱువేఱు గాజులతో చేసిన కుంభాకార పుటాకార కటకములను జతపఱచి, ఒకదాని దోషమును మఱియొకదానిచే మాన్పుదురు. 1893 లో డెన్నిస్ టేలర్ మూడు కటకములతోను, 1902 లో జైస్ సంస్థకు చెందిన పాల్ రుడాల్ఫ్ నాలుగు కటకములతోను చేసిన లెన్సులు ఈ విద్యకు దారి చూపినవి. మన కెమెరాలో ఐదు కటకములు నాలుగు గుంపులుగా నమరియున్నవి, కానోనెట్‌లో ఆఱు.

ఇట్లు ఎంత సవరించినను, రంధ్రమును పూర్తిగా తెఱచినప్పుడు కొంత దోషము మిగిలియే యుండును. మన లెన్సు ఎఫ్ 2.8 నొద్ద మూలలయందు మెత్తబడుట నిజము. ఎఫ్ 5.6 నొద్దను, 8 నొద్దను ఆ మూలలు తేఱుకొనును. ఇంకను మూసినచో నింకను బాగుండునని బాలురు తలంతురు, అది పొరపాటు. చిన్న రంధ్రముగుండ పోవు కాంతి యంచులవద్ద వంగి వ్యాపించును. దీనినే వివర్తనమందురు. ఎఫ్ సంఖ్యను కాంతి తరంగదైర్ఘ్యముతోను, 2.44 తోను గుణించినచో ఒక బిందువు ఫిల్ముపై నెంత చుక్కగా పడునో తేలును. ఆకుపచ్చ కాంతికి తరంగదైర్ఘ్యము 0.00055 మిల్లీమీటరని గ్రహించి లెక్కింపుడు: ఎఫ్ 8 నొద్ద చుక్క సుమారు 0.011 మిల్లీమీటరు, ఎఫ్ 16 నొద్ద 0.021 మిల్లీమీటరు. లక్షరూపాయల లెన్సైనను ఈ నియమమునకు లోబడవలసినదే. వార్తాపత్రికను ఎఫ్ 16 నొద్ద తీసి లెన్సుల తారతమ్యము నెంచుట యొకే బురదనీటిలో రెండు చేపలను చూచి ఏది యందమైనదో చెప్పుట వంటిది.

మఱి నిత్యజీవితమున చిత్రములు మసకబాఱుటకు కారణమేమి? నా యెఱుకలో నూటికి తొంబది చిత్రములు చేయి కదలుటవలనను, ఫోకసు తప్పుటవలనను చెడుచున్నవి. దీనికిని లెక్క కలదు. షట్టరు తెఱచియున్నంతలో కెమెరా ఒక డిగ్రీలో ఇరువదవ వంతు మాత్రమే త్రిప్పబడినదనుకొందము. 42 మిల్లీమీటర్ల లెన్సు వెనుక బొమ్మ 0.037 మిల్లీమీటరు జరుగును. ఇది ఎఫ్ 8 నాటి వివర్తనపు చుక్కకు మూడు రెట్లకు పైన! డిగ్రీలో ఇరువదవ వంతనగా మీటను కొంచెము గట్టిగా నొక్కినచాలును. ఫోకసు మాట చూడుడు. మీటరున్నర దూరమునందున్న ముఖమును ఎఫ్ 2.8 నొద్ద తీసినచో ముందువెనుకలు కలిపి ఒక జానెడు మేర మాత్రమే తేటగా నుండును. ఎఫ్ 8 నొద్దనైనచో అది రెండడుగులగును. ఆ జానెడులో కన్ను పడవలెనన్న కుదురైన చేతులును, శ్రద్ధగల చూపును కావలెను గాని మఱియొక లెన్సు గాదు. స్ఫుటత్వమునకై తహతహపడు బాలుడు లెన్సును నిందించుటకు ముందు తన మోచేతు లెచ్చట నున్నవో చూచుకొనవలెను. వానిని ప్రక్కల కానించి, వీలైనచో స్తంభమునకు చేరగిలబడి, ఊపిరి సగము విడిచి, మీటను మెల్లగా నదిమినచో సెకనులో ముప్పదవ వంతున గూడ మంచి చిత్రము రావచ్చును. వచ్చి తీరునని మాత్రము చెప్పజాలను. అందులకే నిత్యము 125 వ వంతు వాడుడని చెప్పుదును.

ఇంతకును మన మీ చిత్రముల నేమి చేయుదుము? ఈ సంచికలో అఱచేయంత పరిమాణమున నచ్చొత్తింతుము. లేదా నాలుగంగుళముల వెడల్పున ఆఱంగుళముల పొడవున ప్రింటు వేయింతుము. నెగెటివు సుమారు నాలుగింతలు మాత్రమే పెరుగుచున్నది. ఆ కొలతకు మన లెన్సు చాలినంతకంటె నెక్కువయే. పత్రికను తెరపై నిరువది యింతలు చేసి, ముక్కు తెర కానించి చూచినప్పుడు గాని కనుపడని లోపము, చేతబట్టి చూచు ప్రింటులో లేనట్లే.

లోకము మెచ్చిన చిత్రములన్నియు తేటగా నున్నవా యనిన, లేవు. 1932 లో పారిస్ నగరమున సాన్-లజార్ రైలుస్టేషను వెనుక నీటిగుంటపై దుమికిన మనుష్యుని కార్తియే-బ్రెస్సాన్ లైకాతో తీసెను. ఆ మనుష్యుడు కదలికచే మసకబాఱియే యున్నాడు. 1944 జూన్ 6 వ తేదీన నార్మండీ తీరమున సైనికులతో గూడ నీటిలో దిగిన రాబర్ట్ కాపా తీసిన చిత్రములు చలించియున్నవి; అవి కాంటాక్స్ కెమెరాతో తీసినవి. ఆ నాటికి ఉత్తమమైన లెన్సులలో దాని లెన్సొకటి. అట్లని మసకయే సొగసని వాదించువారితో నాకు పొత్తు లేదు. మసకగా తీసి, అది కళ యని బుకాయించుటకంటె వార్తాపత్రికను తీయుటయే మేలు.

కెమెరా పాతబడినదను వాదమునకు మాత్రము నే నొక చెవి యొగ్గుదును. యాబది సంవత్సరములు దాటిన వస్తువు గదా! మొదట దూరమాపకమును పరీక్షింపవలెను. లెన్సును అనంతపు గుర్తున నిలిపి మన గంటగోపురపు శిఖరమునో, రాత్రివేళ చంద్రునో చూడుడు. బొమ్మ రెండుగా కనుపించినచో మాపకము జరిగినదని యెఱుగవలెను. పిదప టేపుతో రెండు మీటర్లు కొలిచి, అచ్చటను పరీక్షింపుడు. మూలల మసకను గూర్చి తర్కించిన సంఘము ఈ పరీక్షను చేసినట్లు నాకు తెలియరాలేదు. రెండవది బ్యాటరీ. దీని కాంతిమాపకము 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకొఱకు చేయబడినది. పాదరసపు విషమువలన వాని యమ్మక మాగిపోయినది. నేటి 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేసినచో కొలత తప్పును. వినికిడి యంత్రములకు వాడు జింకు-గాలి బ్యాటరీ 1.4 వోల్టులది గావున కొంత నయము. అసలు బ్యాటరీయే లేకున్నను మన కెమెరా పనిచేయును. వేగమును రంధ్రమును చేతితో నిర్ణయించుకొన్న చాలును. యాషికా ఎలెక్ట్రోకు ఈ స్వాతంత్ర్యము లేదు. బ్యాటరీ లేనిచో దాని షట్టరు 500 వ వంతు నొక్కదానినే యెఱుగును. మన యెండ యట్టి నిర్ణయమునకు మిక్కిలి యనుకూలమైనది. 100 వేగము గల ఫిల్మునకు మధ్యాహ్నపుటెండలో ఎఫ్ 8, 500 వ వంతు. దూరమును ఏడున్నర మీటర్లవద్ద నిలిపినచో, సుమారు 3.7 మీటర్లు మొదలు కనుచూపు మేరవఱకు తేటగా వచ్చును. ఆటల పోటీలనాడు మాపకముతోనే పనిలేదు.

మూడవ శత్రువు బూజు. సముద్రపు గాలి తగులు మన జిల్లాలలో వానకాలమున లెన్సు లోపలి గాజుపై సాలెపురుగు దారములవలె బూజు వ్యాపించును. అది చిత్రమున వెలుగునీడల భేదమును చంపివేయును. తోలుసంచిలో కెమెరాను భద్రపఱచుట భద్రము గాదు. తోలు తేమను పీల్చును. గాలిచొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచవలెను. అంతకంటె మంచి యుపాయము దానిని తఱచుగా వెలుపలికి తీసి వాడుటయే. బీరువాలో తాళము వేయబడిన కెమెరాయే త్వరగా చెడును.

ఇపుడు నా యసలు ఫిర్యాదు. మన పాఠశాలలో ముప్పది సంవత్సరములకు పైగా గంట కొట్టిన వృద్ధుడు ఈ మార్చి నెలలో పని చాలించి స్వగ్రామమునకు పోయెను. అతనికి సన్మానము చేయదలచి, ఈ సంచికలో నచ్చొత్తించుటకు ఛాయాచిత్రమును వెదకితిమి. ప్రతి సంవత్సరమును తీయించు పెద్ద చిత్రములలో ఉపాధ్యాయులు కుర్చీలపై వరుసగా నుందురు. అతడు వెనుక వరుస చివర, సగము స్తంభముచాటున నున్నాడు. గంట త్రాడు పట్టుకొని నిలువబడిన చిత్రము, అతనిచుట్టు చిన్న తరగతుల పిల్లలు మూగిన చిత్రము, ఒక్కటియు లేదు. దసరానుండి మార్చివఱకు కెమెరా బీరువాలో నున్నది. గోడమీది వార్తాపత్రికలోని అక్షరములు మనకు నిక్షేపముగా నున్నవి. అతని ముఖము లేదు.

ఫోనులుండగా కెమెరా యెందులకని కొందఱందురు. పాఠశాలలోనికి ఫోను తేరాదను నియమము కలదు. వసతిగృహపు విద్యార్థులకు అసలే లేదు. ఉన్నవారి ఫోనులలో వేలకొలది చిత్రములున్నను, ఫోను పోయిననాడు వానిలో పెక్కు దానితోనే పోవుచున్నవి. చక్కగా కడిగి యారబెట్టిన నలుపు తెలుపు నెగెటివు, తేమ తగులనీయక దాచినచో, ఈ పిల్లల మనుమలవఱకు నిలుచును. ఫిల్ము వెల వందల రూపాయలకు చేరినమాట నిజమే. ఉదకమండలమున 1960 లో స్థాపింపబడిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారము మూతపడిన పిదప మనకు దొరకునది చాలవఱకు విదేశపు సరకే. కావుననే 36 చిత్రములలో ఒక్కొక్కదానిని దేనికి వెచ్చింపవలెనో ముందుగా ఆలోచింపవలసి వచ్చును. చిన్న కెమెరా యిచ్చట మఱియొక మేలు చేయును. పెద్ద యంత్రమును చూచిన వంటమనిషి గరిటె దింపి, కొంగు సవరించుకొని, బిగిసి నిలువబడును. అఱచేత పట్టు కెమెరాతో రెండుమూడు దినములు వంటయింటి గుమ్మమున కూర్చున్నవానిని ఆమె పట్టించుకొనదు. పప్పు త్రిప్పుచునే యుండును. ఆమె యనుమతి ముందుగా నడుగవలెను సుమా. దొంగచూపు చిత్రములను సంఘము తీయరాదు.

కావున నా ప్రతిపాదన యిది. కెమెరాను విక్రయింపరాదు. దూరమాపకమును నేర్పరియగు పనివానిచే సరిచేయింపవలెను. మూడు మాసముల కొక ఫిల్ము చొప్పున సంఘపు నిధినుండి కొని, ఒక్కొక్క ఫిల్మును ఇద్దఱు విద్యార్థులకు అప్పగింపవలెను. పరీక్షలకై గోడమీది పత్రికకు రెండు చిత్రములకు మించి యీయరాదు. తక్కినవన్నియు ఇచ్చట పనిచేయువారివి, వారి పనిలో నుండగా తీసినవి కావలెను. ప్రతి ప్రింటు వెనుకను పేరు, తేదీ, చేయుచున్న పని పెన్సిలుతో వ్రాయవలెను. నెగెటివులు గ్రంథాలయమున నుండవలెను.

గంట కొట్టిన వృద్ధుని గ్రామము బస్సులో రెండు గంటల దూరమే. మొదటి ఫిల్ము పట్టుకొని ఇద్దఱు విద్యార్థులు వేసవి సెలవులలో నొక యుదయము అచ్చటికి పోవలెనని కోరుచున్నాను. అతని ఇంటికి వీధియరుగు కలదట. అరుగునీడకు 400 వేగము గల ఫిల్ము, ఎఫ్ 5.6, 125 వ వంతు సరిపోవును. మీటరున్నర దూరమున కూర్చుండి, అతని కనురెప్పమీద ఆ రెండు బొమ్మలను కలుపుకొని తీయుడు.